మళ్ళీ మళ్ళీ మండే రాకెట్టు యంత్రం

నిజామాబాదు నుంచి పడమరగా సుమారు 25 కిలోమీటర్లు పోతే బోధను పట్టణం వస్తుంది. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తి అయిన నిజాంసాగరు జలాశయం ఈ ప్రాంతపు నేలలకు చెరకు పైరును తెచ్చింది. ఆ చెరకును ఆధారం చేసుకొని 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. దాని చుట్టూ వెలసిన పేటకు షక్కర్‌నగర్ అన్న పేరు వచ్చింది. ఒకప్పుడు ఆసియా ఖండంలోని పెద్ద చక్కెర కర్మాగారాలలో ఇది ఒకటి.

చెరకుకూ రాకెట్టుకూ సంబంధమేమిటని విద్యార్థులు అడగవచ్చు. సంబంధం రెండు విధాలుగా ఉన్నది. మొదటిది ఇంధనం. ఒకసారి మండి నశించక, తిరిగి తిరిగి వాడుకకు వచ్చిన తొలి ద్రవేంధన రాకెట్టు యంత్రాలు ఆల్కహాలుతో మండాయి. చక్కెర తీయగా మిగిలిన మడ్డి నుంచి బోధను వంటి చోట్ల తీసిన ద్రవం అదే. రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. చక్కెర కర్మాగారంలో గానుగ నాలుగైదు నెలలు ఆడుతుంది. తక్కిన కాలమంతా దానిని విప్పి, తుడిచి, అరిగినవి మార్చి, వచ్చే ఏటికి సిద్ధం చేస్తారు. రాకెట్టు యంత్రాన్ని మళ్ళీ వాడడమనే సమస్య కూడా చివరకు ఇదే: రెండు పనుల నడుమ యంత్రానికి ఎంత మరమ్మతు కావాలి?

శ్రీహరికోట నుంచి 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 వాహనం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చింది. తరువాతి సంవత్సరాలలో అక్కడి నుంచి ఇంకా పెద్ద వాహనాలు ఎన్నో వెళ్ళాయి. ఉపగ్రహాలను కక్ష్యకు చేర్చిన ఆ వాహనాల యంత్రాలలో ఒక్కటి కూడా రెండవ ప్రయాణంలో పనిచేయలేదు. కొన్ని నిమిషాలు మండి, సముద్రంలో పడిపోవడమో, అంతరిక్షంలో ఉండిపోవడమో జరిగింది. ఏటేటా గానుగ ఆడి, ఏటేటా కొత్త కర్మాగారం కట్టుకోవలసి వస్తే చక్కెర ధర ఎంత ఉంటుందో ఊహిస్తే ఈ నష్టం స్వభావం తెలుస్తుంది.

మడ్డి నుంచి ఇంధనం

చెరకు రసాన్ని కాచి చక్కెర పలుకులను వేరుచేసిన తరువాత నల్లగా, చిక్కగా మిగిలే పాకాన్ని మొలాసిస్ అంటారు. ఇందులో ఇంకా చక్కెర ఉంటుంది. కాని దానిని పలుకులుగా తీయడం గిట్టుబాటు కాదు. దీనికి నీరు చేర్చి ఈస్టు వేస్తే పులుస్తుంది. ఒక గ్లూకోజు అణువు విరిగి రెండు ఆల్కహాలు అణువులు, రెండు బొగ్గుపులుసు వాయువు అణువులు ఏర్పడతాయి. ఆల్కహాలు 78 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగుతుంది కాబట్టి బట్టీ పట్టి దానిని నీటి నుంచి వేరు చేయవచ్చు. బోధనులో చక్కెర కర్మాగారంతో పాటు ఇటువంటి ఆల్కహాలు పరిశ్రమ కూడా నడిచింది. పెట్రోలులో ఆల్కహాలు కలిపి మోటారు వాహనాలు నడపడాన్ని గురించి 1948లో మన దేశంలో ఒక చట్టం కూడా వచ్చింది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. పెట్రోలులో కలిపే ఆల్కహాలులో నీరు దాదాపు పూర్తిగా తొలగించాలి. లేకుంటే రెండు ద్రవాలు విడిపోతాయి. రాకెట్టులోనో, కావాలనే నీరు కలిపారు. ఎందుకో ముందు చూద్దాం.

తొలి ద్రవేంధన రాకెట్టును అమెరికాలోని ఆబర్న్ గ్రామంలో రాబర్ట్ గొడ్డార్డ్ 1926 మార్చి 16న ఎగురవేశాడు. పెట్రోలు, ద్రవ ఆమ్లజని, అనగా ద్రవరూపంలోని ఆక్సిజన్, దాని ఇంధనాలు. అది రెండున్నర సెకండ్లు మాత్రమే ఎగిరి, సుమారు 12 మీటర్ల ఎత్తుకు పోయి పడింది. పదహారేళ్ళ తరువాత, 1942 అక్టోబరు 3న, జర్మనీలోని పీనెముండె నుంచి లేచిన రాకెట్టు అంతరిక్షపు అంచులను తాకింది. తరువాత వి-2 అని పేరుపడినది ఇదే. దీని యంత్రం 25 టన్నుల తోపును ఇచ్చేది. ఇంధనం మూడు వంతుల ఆల్కహాలు, ఒక వంతు నీరు కలిసిన ద్రవం. జర్మనీలో ఆ ఆల్కహాలును బంగాళాదుంపల నుంచి తీశారు.

ఒక లెక్క వేసి చూద్దాం. వి-2 ఒక్కొక్కటి సుమారు 3,800 కిలోల ఆల్కహాలు-నీటి మిశ్రమాన్ని మోసేది. ఇందులో ఆల్కహాలు దాదాపు 3,600 లీటర్లు. టన్ను మొలాసిస్ నుంచి 240 లీటర్ల ఆల్కహాలు, టన్ను చెరకు నుంచి 43 కిలోల మొలాసిస్ వస్తాయనుకుంటే, ఒక్క రాకెట్టుకు 15 టన్నుల మొలాసిస్, అనగా దాదాపు 350 టన్నుల చెరకు ఆడగా మిగిలిన మడ్డి కావాలి. ఇదంతా ఒక నిమిషంలో మండిపోయేది. అయినా అసలు నష్టం ఇంధనం కాదు. మడ్డి నుంచి మళ్ళీ ఆల్కహాలు తీయవచ్చు. వేల భాగాలు కూర్చి చేసిన యంత్రం మాత్రం పడినచోటనే తునాతునకలయ్యేది. వి-2 ఆయుధం, తిరిగి రావాలన్న ఆలోచన అందులో లేదు. దాని తయారీలో బలవంతపు చాకిరికి లోనైన ఖైదీలు వేల సంఖ్యలో మరణించారన్న సంగతిని రాకెట్టు చరిత్ర చదివేవారు మరువరాదు.

బెల్లపు పెనం చెప్పే సూత్రం

రాకెట్టు దహనగదిలో వేడిమి రెండు మూడు వేల డిగ్రీలు ఉంటుంది. రాగి 1,085 డిగ్రీల వద్ద, ఇనుము 1,538 డిగ్రీల వద్ద కరుగుతాయి. మరి దహనగది కరగకుండా ఎట్లా నిలుస్తుంది?

బెల్లం వండేచోట చూచినవారికి జవాబు సులభం. పెద్ద పెనం కింద మంట భగభగ మండుతూనే ఉంటుంది. రసం ఉన్నంత వరకు పెనానికి ప్రమాదం లేదు. మంట ఇచ్చిన వేడిని లోహం వెంటనే రసానికి అందిస్తుంది. రసం ఇగిరిపోయి పెనం ఒట్టిదైతే మాత్రం అడుగు మాడిపోతుంది. ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేసి చూపవచ్చు. పలుచని కాగితపు గిన్నెలో నీరు పోసి కొవ్వొత్తి మంటపై జాగ్రత్తగా పట్టుకోవాలి. నీరు వేడెక్కుతుంది గాని, నీరు తాకి ఉన్నంత మేర కాగితం అంటుకోదు.

రాకెట్టులో ఈ పని ఇంధనమే చేస్తుంది. దహనగది గోడలను రెండు పొరలుగా చేసి, వాటి నడుమ ఇంధనాన్ని పారించి, గోడ వేడిని అది గ్రహించిన తరువాత లోపలికి పంపి మండిస్తారు. గోడ చల్లబడుతుంది, ఇంధనం ముందుగానే వేడెక్కి వస్తుంది. ఆల్కహాలులో నీరు కలపడానికి కారణం కూడా ఇప్పుడు తెలుస్తుంది. నీరు మంట వేడిమిని కొంత తగ్గిస్తుంది; గోడను చల్లబరచే శక్తిని పెంచుతుంది. బలం కొంత తగ్గినా యంత్రం బతుకుతుంది.

అమెరికాలో జేమ్స్ వైల్డ్ అనే యువ ఇంజనీరు 1938లో ఈ పద్ధతిలో ఒక చిన్న యంత్రాన్ని చేశాడు. అతడు మరి ముగ్గురు మిత్రులతో కలిసి 1941 డిసెంబరులో రియాక్షన్ మోటార్స్ అనే సంస్థను స్థాపించాడు. వారు చేసిన ఎక్స్.ఎల్.ఆర్.-11 యంత్రమే మన కథకు నాయకుడు. దీనికి నాలుగు దహనగదులు. ఒక్కొక్కటి సుమారు 680 కిలోల తోపు ఇచ్చేది. విమానచోదకుడు వాటిని కావలసినన్ని వెలిగించుకోవచ్చు, ఆర్పుకోవచ్చు, తిరిగి వెలిగించుకోవచ్చు. ఇంధనం నీరు కలిపిన ఆల్కహాలు, ద్రవ ఆమ్లజని. 1947 అక్టోబరు 14న చక్ యీగర్ ఎక్స్-1 విమానంలో ధ్వని వేగాన్ని మించి పోయినప్పుడు అతనిని తోసినది ఈ యంత్రమే.

ఎక్స్-1 పని ముగియగానే నేలపై దిగేది. దానితో యంత్రమూ దిగేది. పరీక్షించి, తొట్లు నింపి, మళ్ళీ ఎగురవేసేవారు. 1959లో ఎగరడం మొదలుపెట్టిన ఎక్స్-15 విమానం కూడా తొలి రోజులలో ఇటువంటి యంత్రాలు రెండింటితోనే ఎగిరింది. తరువాత దానికి అమోనియాతో మండే మరింత బలమైన యంత్రం అమర్చారు. 1968 వరకు మూడు ఎక్స్-15 విమానాలు కలిసి 199 సార్లు ఎగిరాయి. ఆ తరువాత రెక్కలు లేకుండా తేలే విమానాలను పరీక్షించవలసి వచ్చినప్పుడు ఇంజనీర్లకు పాత ఎక్స్.ఎల్.ఆర్.-11 గుర్తుకు వచ్చింది. ప్రదర్శనశాలలలో ఉంచిన యంత్రాలను కొన్నింటిని కూడా వెనుకకు తెచ్చి, బాగుచేసి, మళ్ళీ ఎగిరించారు. 1975 వరకు అవి పనిచేశాయి. ద్రవేంధన రాకెట్టు యంత్రం ఒక్కసారికే పనికివచ్చేదన్న మాట నిజం కాదని ఆల్కహాలు యంత్రం ఆనాడే రుజువు చేసింది.

షటిల్ నేర్పిన పాఠం

ఐతే విమానానికి చాలిన యంత్రం కక్ష్యకు చాలదు. కక్ష్యలో నిలవడానికి సెకండుకు సుమారు 8 కిలోమీటర్ల వేగం కావాలి. అందుకు తేలికగా ఉండి, అత్యధిక పీడనంలో మండే యంత్రాలు అవసరం.

అమెరికా వారి స్పేస్ షటిల్ 1981 ఏప్రిల్ 12న మొదటిసారి లేచింది. దాని మూడు ప్రధాన యంత్రాలు ద్రవ ఉదజని, అనగా ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆమ్లజనితో మండేవి. ఉదజని సున్నకు 253 డిగ్రీలు తక్కువ చలిలో ద్రవంగా ఉంటుంది. దహనగదిలోని వేడిమి సుమారు 3,300 డిగ్రీలు. ఈ రెండింటి నడుమ ఉన్నది పలుచని లోహపు గోడ. ఉదజనిని తోడే పంపు నిమిషానికి 35,000 చుట్లు తిరిగేది. ఇన్ని కష్టాలకు ఓర్చి ఆ యంత్రాలు మళ్ళీ మళ్ళీ ఎగిరాయి. 2011 వరకు జరిగిన 135 ప్రయాణాలకు మొత్తం 46 యంత్రాలు మాత్రమే సరిపోయాయి.

యంత్రశాస్త్రంలో ఇది గొప్ప విజయం. ఖర్చు విషయంలో మాత్రం ఆశించిన ఫలితం రాలేదు. ప్రతి ప్రయాణం తరువాత యంత్రాలను వాహనం నుంచి ఊడదీసి పరీక్షించవలసి వచ్చేది. టర్బైను రెక్కలలో సన్నని పగుళ్ళు, పంపుల బేరింగులలో అరుగుదల కనిపించేవి. యంత్రం తిరిగి వచ్చింది. కాని దానిని సిద్ధం చేయడానికి పట్టిన కాలం, మనుషులు, ధనం తగ్గలేదు. తిరిగి రావడం వేరు, తిరిగి పనికి సిద్ధం కావడం వేరు అని షటిల్ నేర్పింది. ఒకసారి షటిల్ లో ఎగిరిన యంత్రాలు నాలుగింటిని 2022 నవంబరు 16న ఆర్టెమిస్-1 ప్రయాణంలో వాడి, వాహనంతో పాటు సముద్రంలో వదిలివేశారు. మళ్ళీ వాడడం యంత్రపు గుణం ఒక్కటే కాదు, వాడేవారి నిర్ణయం కూడా అని దీనివలన తెలుస్తున్నది.

పొర, పగులు

యంత్రం అరగడానికి ముఖ్యంగా రెండు కారణాలు. మొదటిది వేడి, చలి మార్పు. వెలిగించినప్పుడు గోడ లోపలి వైపు వ్యాకోచిస్తుంది, ఆర్పినప్పుడు సంకోచిస్తుంది. ఒక ఇనుప తీగను అటు ఇటు పదేపదే వంచితే ఎట్లా విరుగుతుందో, అట్లే గోడలో క్రమంగా పగుళ్ళు పుడతాయి. అందుచేత యంత్రం ఎన్ని నిమిషాలు మండిందన్నదే కాక, ఎన్నిసార్లు వెలిగి ఆరిందన్నది కూడా దాని ఆయుర్దాయాన్ని నిర్ణయిస్తుంది.

రెండవది పొర. చక్కెర కర్మాగారంలో రసాన్ని ఇగిర్చే పాత్రల గొట్టాల లోపల గట్టి పొర పేరుకుంటుంది. అది వేడిని అడ్డుకుంటుంది కాబట్టి గానుగను ఆపి గొట్టాలను తోమవలసి వస్తుంది. కిరోసిన్‌తో నడిచే రాకెట్టు యంత్రంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. గోడను చల్లబరుస్తూ పోయే కిరోసిన్ బాగా వేడెక్కితే విరిగి, బొగ్గు పొరగా గోడకు అంటుకుంటుంది. పొర దళసరి అయిన కొద్దీ గోడకు చల్లదనం తగ్గుతుంది. ఆల్కహాలుకు ఈ దోషం తక్కువ. కాని కిరోసిన్ బరువుకు బరువు ఎక్కువ శక్తినిస్తుంది. అందువలననే పెద్ద రాకెట్లు ఆల్కహాలును వదలి కిరోసిన్‌కు మారాయి. ఇటీవలి యంత్రాలలో చాలావరకు మీథేనును ఎన్నుకోవడానికి ఒక కారణం అది మసి లేకుండా మండడమే.

ఫాల్కన్-9 వాహనంలో కిరోసిన్ వాడినా, తరచుగా ఎగిరిస్తూ, ప్రతిసారి చూచినదానిని బట్టి భాగాలను మార్చుకుంటూ పోయారు. దాని మొదటి అంచెలో తొమ్మిది యంత్రాలు. పైకి పోయిన తరువాత వాటిలో కొన్నింటిని తిరిగి వెలిగించి, వేగం తగ్గించుకొని, నిలువుగా దిగుతుంది. 2015 డిసెంబరు 21 రాత్రి ఈ విధంగా మొదటిసారి క్షేమంగా దిగింది. ఒకసారి దిగిన అంచె 2017 మార్చి 30న మళ్ళీ ఎగిరి మరొక ఉపగ్రహాన్ని మోసింది. 2025 నాటికి ఒకే అంచె 30 సార్లకు మించి ఎగిరింది.

మన దేశంలో

మన దేశంలో తిరిగివచ్చే వాహనాల ప్రయత్నం మొదట దిగడం నేర్చుకోవడంతో ఆరంభమయింది. 2016 మే 23న రెక్కలున్న ఒక చిన్న వాహనాన్ని శ్రీహరికోట నుంచి సుమారు 65 కిలోమీటర్ల ఎత్తుకు పంపి పరీక్షించారు. 2023 ఏప్రిల్ 2న, 2024 మార్చి 22న, జూన్ 23న కర్ణాటకలోని చిత్రదుర్గ వద్ద హెలికాప్టరు నుంచి జారవిడచిన వాహనం తనంత తానే రన్‌వేపై దిగింది. ఈ వాహనాన్ని పుష్పక్ అని పిలిచారు. పైకి తోసే ద్రవేంధన యంత్రం ఇందులో లేదు కాబట్టి, ఇవి దిగే విద్యకు సంబంధించిన పరీక్షలు మాత్రమే.

యంత్రానికి సంబంధించిన మెట్టు వేరు. ఫ్రాన్సు దేశపు వైకింగ్ యంత్రం ఆధారంగా మన ఇంజనీర్లు రూపొందించిన వికాస్ యంత్రం పి.ఎస్.ఎల్.వి., జి.ఎస్.ఎల్.వి. వాహనాలను ఎన్నో ఏళ్ళుగా మోసింది. 2025 జనవరి 17న తమిళనాడులోని మహేంద్రగిరిలో ఈ యంత్రాన్ని 60 సెకండ్లు మండించి ఆర్పి, 120 సెకండ్లు ఆగి, మళ్ళీ వెలిగించి 7 సెకండ్లు నడిపారు. చూడడానికి చిన్న విషయమే. కాని మండి వేడెక్కిన యంత్రం తిరిగి వెలిగితేనే గదా వాహనం వేగం తగ్గించుకొని దిగగలిగేది! 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన కొత్త తరపు వాహనంలో మొదటి అంచెను తిరిగి వాడే ఏర్పాటు ఉన్నది.

తెలుగునాట ఈ పనికి కావలసిన పరికరాలు, చేతులు లేకపోలేదు. రాకెట్లకు కావలసిన ప్రత్యేక మిశ్రలోహాలను చేసే మిధాని సంస్థ 1973లో హైదరాబాదులో స్థాపించబడింది. 2018లో హైదరాబాదులోనే మొదలైన స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్టును ఎగురవేసింది. అది ఘనేంధనంతో నడిచేది. అంతకు ముందే, 2021లో, ద్రవీకరించిన సహజవాయువుతో, ద్రవ ఆమ్లజనితో మండే ధవన్-1 అనే చిన్న యంత్రాన్ని ఈ సంస్థ నేలపై పరీక్షించింది.

ఇక బోధను సంగతి. మొదటి ఫాల్కన్ అంచె దిగిన 2015 డిసెంబరు నెలలోనే నిజాం చక్కెర కర్మాగారపు గానుగ ఆగిపోయింది. పనివారికి పని పోయింది. చుట్టుపట్ల రైతులు చెరకును దూరపు కర్మాగారాలకు పంపుకోవడమో, వేరే పైరుకు మారడమో చేయవలసి వచ్చింది. ఈ రెండు సంఘటనలకు పరస్పర సంబంధమేమీ లేదు. కాని పక్కపక్కన ఉంచి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. గానుగ ఒక్కసారికని చేసిన యంత్రం కాదు. డెబ్బై ఎనభై ఏళ్ళు దానిని తిరిగి తిరిగి నడిపించినది ఏడాదికొకసారి విప్పి తోమిన చేతులు. ఆ చేతులకు పని లేనినాడు ఎంత గట్టి యంత్రమైనా తుప్పు పడుతుంది. ప్రదర్శనశాలలోని ఎక్స్.ఎల్.ఆర్.-11 యంత్రాన్ని మళ్ళీ వెలిగించగలగడానికి కారణం, దానిని విప్పి బిగించడం తెలిసినవారు అప్పటికి ఇంకా ఉండడమే.

కాబట్టి రాకెట్టు యంత్రాన్ని మళ్ళీ వాడే విద్యలో మూడు పాఠాలు ఉన్నాయి. యంత్రం వేడికి తాళాలి. అది ఆరి మళ్ళీ వెలగాలి. ఏది అరిగిందో కనిపెట్టి త్వరగా బాగుచేసేవారు దాని పక్కన ఉండాలి. మొదటి రెండూ పుస్తకాలలో, ప్రయోగశాలలలో నేర్వదగినవి. మూడవది చేతిపని. బోధనులోని వర్కుషాపులో బాయిలరు గొట్టాలు తోమిన ఫిట్టరుకూ, రేపు ఒక రాకెట్టు దహనగదిలో పగులు వెతకబోయే యువకునికీ పని ఒక్కటే. నిజామాబాదు జిల్లా విద్యార్థులు ఆ రెండవ పనికి పోదలచుకుంటే, మొదటి పనిని చిన్నచూపు చూడకుండా ఉండడమే వారికి తొలి మెట్టు.